పంతులుగారు, డాక్టరుగారు, చావని ఆత్మ

మైకులో ఘంటసాల భగవద్గీత మొదలైతే మా తెనాలిలో ఎవరూ ఆగి శ్లోకం వినరు. "ఎవరు పోయారు?" అంటారు. ఏ వీధిలోంచి వినిపిస్తోందా అని చెవి ఒగ్గుతారు. మా ఊరనే కాదు, తెలుగువాళ్ళున్న ప్రతిచోటా ఇదే వరస. పొద్దున్నే ఇంట్లో గీత పెట్టుకుంటే పక్క ఫ్లాట్ వాళ్ళు కంగారుగా వచ్చి బెల్లు కొట్టిన సంగతి కూడా విన్నాను. పాపం ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయారు, ఆ రికార్డు బయటికొచ్చింది ఆ తర్వాతే. ఆయన పాడినవి యుద్ధం చెయ్యనని కూలబడ్డవాణ్ణి లేపి నిలబెట్టే మాటలు. మనం వాటిని తీసుకెళ్ళి పాడె పక్కన పెట్టాం.

మా తాతయ్యకి ఇది బొత్తిగా గిట్టేది కాదు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. "బతికున్నవాడికి చెప్పిన మాటని శవానికి వినిపిస్తారేంట్రా! వాడిక లేచి యుద్ధం చేస్తాడా?" అని విసుక్కునేవాడు. ఆ మాటకి గట్టిగా నవ్వే మనిషి ఒకరుండేవారు, హోమియో డాక్టరుగారు. సాయంత్రం అయ్యేసరికి ఆయన సైకిలు మా అరుగుకి ఆని ఉండేది.

డాక్టరుగారు పక్కా నాస్తికులు. కుర్రతనంలో సూతాశ్రమానికి వెళ్ళి, అక్కడుండే హేతువాది కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారిని చూశానని, పురోహితుడు లేకుండా తెలుగులో మంత్రాలు చదివి చేయించిన పెళ్ళిళ్ళకి వెళ్ళానని గర్వంగా చెప్పుకునేవారు. మొదట్లో మా మామ్మ ఆయన కాఫీకి వేరే గ్లాసు ఉంచేదట. నాకు ఊహ తెలిసేసరికి ఆ తేడా ఎప్పుడో పోయింది. ఎలా పోయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తాతయ్య దగ్గర ఆయన్ని ఉడికించడానికి ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "కనపడని ఆత్మని నమ్మరు గానీ, కనపడని మందుని మాత్రం పంచదార గోళీలో పెట్టి జనానికి ఇస్తారు" అనేవాడు. డాక్టరుగారు దానికి ఏనాడూ సరైన జవాబు చెప్పలేదు. గోళీలు మాత్రం మా ఇంటిల్లిపాదీ వేసుకునేవాళ్ళం.

నాకు బాగా గుర్తున్న గొడవ ఒకటుంది. వీధి చివర ఎవరో పోతే, వాళ్ళింట్లో గరుడపురాణం చదివిస్తున్నారు. డాక్టరుగారు సైకిలు స్టాండు వేస్తూనే మొదలుపెట్టారు.

"పంతులుగారూ, ఆత్మ పుట్టదు, చావదు, కత్తి నరకదు, నిప్పు కాల్చదు అన్నారు. సరే, ఒప్పుకున్నాం. మరి పోయినవాడికి మొదటి రోజు పిండంతో తల, ఆ తర్వాత మెడా భుజాలూ, అలా రోజుకింత ఒళ్ళు కట్టుకుంటూ పోయి పదో రోజుకి ఆకలీ దప్పికా తెప్పిస్తారేంటండీ? చావనివాడికి మళ్ళీ ఒళ్ళెందుకు? తిండెందుకు?"

తాతయ్య పొడుం పట్టు పట్టి, కాసేపు ఆగి అన్నాడు. "గీత చెప్పేది ఆత్మ సంగతి డాక్టరుగారూ. పురాణం చెప్పేది జీవుడి సంగతి. అరవై డెబ్బై ఏళ్ళు ఒక ఒంట్లో ఉండడం అలవాటైనవాడు, ఉన్నట్టుండి ఒళ్ళు లేకపోతే కంగారుపడడూ?"

"కంగారు ఎవరికి? పోయినవాడికా, ఉన్నవాళ్ళకా?"

తాతయ్య నవ్వి, "ఇదిగో, మీ పార్టీ తరఫున ఇంతకంటే మంచి శ్లోకం ఉంది, రాసుకోండి" అని, పరలోకమే లేదనే చార్వాకుల మాట ఒకటి చెప్పాడు. పధ్నాలుగో శతాబ్దపు సర్వదర్శన సంగ్రహంలో ఉంది అది. శ్రాద్ధం పెడితే చచ్చినవాడికి కడుపు నిండేటట్టయితే, ఊరెళ్ళేవాడికి దారిబత్తెం కట్టడం దేనికి, ఇంట్లో వాడి పేరు చెప్పి ఎవరికో విస్తరి వేస్తే సరిపోదూ అని దాని భావం. డాక్టరుగారు మందుపొట్లం కాగితం వెనక దాన్ని అక్షరం అక్షరం రాసుకున్నారు. "వ్యర్థం పాథేయకల్పనమ్" అని అప్పజెప్పుకుంటూ సైకిలెక్కారు. తనని ఓడించే శ్లోకాన్ని ఎదుటివాడికి తనే నేర్పి పంపడం తాతయ్యకి పెద్ద సరదా. పూర్వపక్షం అంటే అదేరా, ఎదుటివాడి మాట వాడికంటే బాగా చెప్పగలిగాకే ఖండించాలి అనేవాడు. ఇప్పుడు టీవీ చర్చలు చూస్తుంటే ఆ అరుగు గుర్తొస్తుంది.

ఉపనిషత్తుల్లో తాతయ్యకి నచికేతుడి కథ కంటే ఆర్తభాగుడి కథ ఇష్టం. నచికేతుణ్ణి అందరూ చెప్పుకుంటారు గానీ ఇతన్ని ఎవరూ పట్టించుకోరని ఆయన బాధ. బృహదారణ్యకంలో, జనకుడి సభలో, ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు. మనిషి పోయాక వాక్కు అగ్నిలో కలుస్తుంది, ప్రాణం గాలిలో, చూపు సూర్యుడిలో, మనసు చంద్రుడిలో, ఒంటి మీది రోమాలు ఓషధుల్లో, జుట్టు చెట్లలో, నెత్తురు నీళ్ళలో కలిసిపోతాయి. అప్పుడిక ఆ మనిషి ఎక్కడుంటాడు? సభంతా వింటోంది. యాజ్ఞవల్క్యుడు జవాబు చెప్పడు. "నాయనా, చెయ్యి ఇలా ఇవ్వు. ఇది మనిద్దరమే మాట్లాడుకోవాలి, ఇంత జనంలో కాదు" అంటాడు. ఇద్దరూ బయటికెళ్ళి మాట్లాడుకుంటారు. కర్మ గురించి మాట్లాడుకున్నారని మాత్రం ఉపనిషత్తు ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది.

"జవాబు తెలీక పక్కకి తీసుకెళ్ళాడన్నమాట" అన్నారు డాక్టరుగారు, ఇది మొదటిసారి విన్నప్పుడు.

"కావచ్చు" అన్నాడు తాతయ్య. ఆ ఒప్పుకోలుకి డాక్టరుగారు తెల్లబోయారు. తర్వాత ఇద్దరూ కాలవ గట్టు మీదికి నడకకి వెళ్ళారు. నన్ను రానివ్వలేదు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. బహుశా పొగాకు రేట్ల గురించే అయ్యుంటుంది.

ఓసారి ముగ్గురం రేపల్లె ప్యాసింజరెక్కి భట్టిప్రోలు వెళ్ళాం. వేమూరు దాటాక ఇంకాస్త దూరం. అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే మూడు రాతిపెట్టెలు, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు, లోపల స్ఫటికపు భరిణెలో బుద్ధుడి ధాతువు (ఎముక ముక్క) దొరికాయి. అంతకుముందే రోడ్డు పనులకీ కాలవ పనులకీ ఇటుకలూ పాలరాళ్ళూ తవ్వుకుపోగా మిగిలిన దిబ్బ అది. మేం వెళ్ళేసరికి గడ్డిలో గేదెలు మేస్తున్నాయి, ఎవరిదో పాలక్యాన్ల సైకిలు ఒకటి చెట్టుకి ఆని ఉంది.

డాక్టరుగారికి బుద్ధుడంటే వల్లమాలిన అభిమానం. ఆ సైకిలు దగ్గరికి నన్ను పిలిచి, "ఏరా, ఇందులో సైకిలు ఏది?" అన్నారు.

ఇదేగా అని చూపించాను.

"అది హ్యాండిల్. సైకిలేది?"

సీటు పట్టుకున్నాను. అది సీటన్నారు. చక్రం, చైను, పెడలు, అన్నిటికీ అదే మాట. "అన్నీ కలిపితే సైకిలండీ" అన్నాను తెలివిగా.

"అన్నీ విప్పి గోనెసంచిలో పోసి ఇస్తే తొక్కుతావా?"

దాంతో నా తెలివి అయిపోయింది. ఇది నాగసేనుడనే భిక్షువు మిళిందుడనే గ్రీకు రాజుని రథం చూపించి అడిగిన ప్రశ్న అనీ, మనిషి కూడా అంతే అనీ, ఒళ్ళూ, అనుభవాలూ, గుర్తులూ, ఆలోచనలూ కలిసి నడుస్తున్నంతసేపూ "నేను" అని పిలుచుకుంటామే తప్ప లోపల విడిగా "నేను" అనే సరుకేమీ లేదనీ ఆయన వివరించారు. పన్నెండేళ్ళవాడికి అంతా బుర్రకెక్కలేదు. కానీ ఇంటికొచ్చాక నా చెయ్యి నేను చూసుకుంటూ, ఇది చెయ్యి, నేనేది అని కాస్త భయపడ్డ మాట నిజం.

తాతయ్య వెనకనించి అన్నాడు. "సైకిలు లేదు, ఒప్పుకున్నా. తొక్కేవాడెవడండీ? కఠోపనిషత్తులో యముడు చెప్పిందీ రథం సంగతే. శరీరం రథం, బుద్ధి సారథి, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ లోపల కూర్చున్నవాడు. మీ వాడు బండిని చూశాడు, ఎక్కినవాణ్ణి వదిలేశాడు."

"ఎక్కినవాణ్ణి కూడా విప్పి చూడమన్నాడండీ మావాడు. అదే తేడా."

ఇన్నేళ్ళలో ఈ విషయం మీద నేను చదివినవాటన్నిటిలోనూ ఆ రెండు వాక్యాలకి మించింది పెద్దగా కనపడలేదు. ఒకే రథాన్ని తీసుకుని ఒకళ్ళు లోపల రథికుణ్ణి చూపించారు, ఇంకొకళ్ళు రథాన్నే మాయం చేశారు. ఈ దేశంలో రెండు పక్షాల మధ్య వెయ్యేళ్ళకి పైగా జరిగిన వాదం, మా ఇద్దరు ముసలాళ్ళు గేదెల మధ్య నిలబడి రెండు నిమిషాల్లో తేల్చేశారు. అసలు తేల్చలేదులెండి, వదిలేశారు. ఎందుకంటే అప్పటికే తాతయ్యకి ఇంకో సందు దొరికింది.

"అది సరే డాక్టరుగారూ, నేనన్నది లేదని చెప్పినాయన ఎముక కోసం ఇంత దిబ్బ ఎందుకు కట్టారండీ?"

డాక్టరుగారు గతుక్కుమన్నారు. "అది ఆయన తప్పు కాదుగా, వెనకవాళ్ళు చేసింది."

"మరి మా పిండాలు మా ఉపనిషత్తుల తప్పా?"

రైల్లో తిరిగొస్తున్నంతసేపూ తాతయ్య మహా హుషారుగా ఉన్నాడు.

నేను ఇంటర్‌లో ఉండగా తాతయ్య పోయాడు. నిద్రలోనే. కబురు తెలియగానే దూరపు బంధువొకాయన టేప్‌రికార్డరు, గీత క్యాసెట్టు పట్టుకొచ్చి వరండాలో పెట్టాడు. డాక్టరుగారు వచ్చి, శవం దగ్గర కాసేపు నిలబడి, నేరుగా వెళ్ళి దాన్ని కట్టేశారు. "పంతులుగారికి ఇది ఇష్టం లేదు" అన్నారు. నాస్తికుడొచ్చి గీత ఆపించాడని ఆ బంధువు పెళ్ళిళ్ళలో కనపడినప్పుడల్లా చెప్పుకుతిరిగాడు.

ఆ పది రోజులూ నాన్న కాలవ గట్టున పిండం పెడుతుంటే డాక్టరుగారు రోజూ వచ్చేవారు. దూరంగా, చెప్పులు విడవకుండా, సైకిలు పట్టుకుని నిలబడేవారు. ఒకరోజు కాకి ఎంతకీ ముట్టలేదు. నాన్నకి టెన్షన్ మొదలైంది. ఇలాంటప్పుడు పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిందంటారు, ఒక్కొక్కటే పైకి చెప్పి మాటివ్వాలి. అమ్మని బాగా చూసుకుంటాం అన్నాడు నాన్న. ఇల్లు అమ్మం అన్నాడు. పుస్తకాలు ఎవరికీ ఇవ్వం అన్నాడు. కాకి వేపచెట్టు మీదే కూర్చుంది. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. మా బాబాయి, మూడో కూతురి పెళ్ళి బాకీ గురించి ఏదో గొణిగాడు. ఇంతలో ఎటునుంచో ఇంకో కాకి వచ్చి రెండు మెతుకులు పొడుచుకుపోయింది. ఏ మాటకి దిగిందో మా ఇంట్లో ఇప్పటికీ వాదనే. "దానికి ఆకలేసింది" అన్నారు డాక్టరుగారు.

పన్నెండో రోజు సపిండీకరణం. దాన్ని దగ్గరనుంచి చూడడం నాకు అదే మొదలు. వండిన అన్నంలో నువ్వులు కలిపి నాన్న మూడు గుండ్రటి పిండాలు చేశాడు. అవి తాతయ్య తండ్రి, తాత, ముత్తాత. పక్కనే పొడుగ్గా ఇంకొకటి. అది తాతయ్య. దర్భలతో ఆ పొడుగు పిండాన్ని మూడు ముక్కలుగా కోయించి, ఒక్కో ముక్కనీ ఒక్కో గుండ్రటి పిండంలో పెట్టి కలిపెయ్యమన్నాడు పురోహితుడు. నాన్న బొటనవేలితో అదుముతుంటే చేతులు వణికాయి. మధ్యలో ఆగిపోయాడు. "కలపండి, బాగా కలపండి, విడిగా తెలియకూడదు" అన్నాడు పురోహితుడు, కాస్త విసుగ్గానే. కలిపేశాక అందులో ఏ మెతుకు తాతయ్యదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక ఆయన ప్రేతం కాదు, పితృదేవతల్లో చేరిపోయాడు అన్నారు. డాక్టరుగారు గుమ్మంలోంచి అడిగారు. "మరి ఇప్పుడు నలుగురయ్యారు కదండీ. మీరు పేర్లు చెప్పేది ముగ్గురికేగా?"

"పైనున్న పెద్దాయనకి ఇక పేరు చెప్పక్కర్లేదండి" అన్నాడు పురోహితుడు.

సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తూ డాక్టరుగారు నాతో అన్నమాట ఇది. "ఇన్నేళ్ళు వాదించానురా మీ తాతతో. ఈ సంగతి చెప్పనే లేదు చూడు. పదిరోజులు ఒళ్ళు కట్టి, పన్నెండో రోజు కోసి కలిపేసి, మూడు తరాలయ్యాక పేరు కూడా తీసేస్తారా! ఇది మా బుద్ధుడి దగ్గరికే వచ్చేసిందిగా." ఆయన గొంతులో గెలిచిన ఆనందం లేదు. చెప్పాల్సిన మనిషి లేకుండాపోయాక దొరికిన పాయింటు అది.

నా అభిప్రాయం అడిగితే, చావు గురించి గీత చెప్పినదానికంటే ఆ పిండం చెప్పింది నాకు నిజం అనిపిస్తుంది. చినిగిన బట్ట విప్పి కొత్తది కట్టుకున్నట్టే అన్న శ్లోకం గొప్పదే. కానీ ఆ విప్పేసిన బట్టతోనే మనం కాపురం చేశాం. తాతయ్య అంటే నాకు ఆ పొడుం వాసన, ఆ ఎకసెక్కం, ఆ మోకాలి నొప్పి. అవేవీ అంటని ఆత్మ ఎక్కడో చల్లగా ఉందంటే సంతోషమే గానీ, ఆయనెవరో నాకు పరిచయం లేదు. పిండం అలా తప్పించుకోదు. ఉన్న మనిషినే తీసుకుని, ఒళ్ళు కట్టి, అన్నం పెట్టి, ముక్కలు చేసి, వెనకటివాళ్ళలో కలిపేస్తుంది. వేదాంతం బాగా తెలిసినవాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు.

డాక్టరుగారు ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు ఉన్నారు. పోయేముందే కాగితం రాసిపెట్టారు. ఏ తంతూ వద్దు, శరీరం మెడికల్ కాలేజీకి ఇవ్వాలి. అలాగే చేశారు. వ్యాను వచ్చింది, తీసుకెళ్ళింది, మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. అంత శుభ్రంగా జరిగిన చావుని నేను చూడలేదు. మూడో రోజు అమ్మా నేనూ వెళితే ఆయన భార్య కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళందర్నీ ఒకటే అడుగుతోంది. "ఇవాళ ఏం చెయ్యాలి?" ఆవిడా నాస్తికురాలే, ఆయనతో సభలకి తిరిగిన మనిషే. దీపం పెట్టమనో, పంతుల్ని పిలవమనో కాదు ఆవిడ అడిగేది. చేతులకి పని కావాలి. కోడలు చిక్కుడుకాయలు తెచ్చి ముందు పెడితే, కిలో కాయలు ఈనెలు తీసి, ఇంకా ఉన్నాయా అంది. కంగారు పోయినవాడికా ఉన్నవాళ్ళకా అని ఆయన మా అరుగు మీద అడిగిన ప్రశ్నకి జవాబు ఆయనింట్లోనే దొరికింది.

మెడికల్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలు ఆయన చెయ్యి ఒక టేబుల్ మీద, గుండె ఒక టేబుల్ మీద పెట్టుకుని చదువుకుని ఉంటారు. నాన్న రోజుకో అవయవం చొప్పున తాతయ్యకి ఒళ్ళు కట్టాడు. డాక్టరుగారిని రోజుకో అవయవం చొప్పున విప్పారు. ఆయన కోరుకున్నదీ అదే, ఆ సైకిలు లెక్కన.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి సీతానగరం ఘాట్‌లో పిండాలు పెట్టాను. అప్పటికి నాన్న కూడా పోయాడు. నాన్న, తాతయ్య, ముత్తాత, ముగ్గురి పేర్లూ చెప్పాను. తాతయ్య తాతగారి పేరు జాబితాలోంచి జారిపోయింది. ఇంట్లో ఎవరికీ గుర్తు కూడా లేదు. పురోహితుడు కుర్రాడు, వరస హడావిడిలో ఉన్నాడు. "గురువులు, స్నేహితులు, ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వాళ్ళకీ పెట్టొచ్చు" అన్నాడు. నోట్లోంచి డాక్టరుగారి పేరు వచ్చేసింది. గోత్రం అడిగాడు. తెలీదన్నాను. తెలియకపోతే కాశ్యప గోత్రం వేస్తారు, అలాగే వేసి కానిచ్చాడు.

రాత్రి వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అవతల కాసేపు నవ్వు ఆగలేదు. "మా నాన్న ఉంటే నీ మీద కేసు పెట్టేవాడు" అన్నాడు. తర్వాత, "ఇంతకీ కాకి ముట్టిందా?" అన్నాడు.

ఘాట్‌లో ఆ జనానికి కాకులేం వస్తాయి, నీళ్ళలో కలిపేశామని చెప్పాను.